మిరుగం రాకముందు ఒక్కసారి టైర్ చూడండి

మన కాలేజీ పార్కింగ్ షెడ్డులో ఓ పది నిమిషాలు తిరిగితే చాలు, మనోళ్లకు బండి అంటే ఏందో తెలిసిపోతుంది. కొత్త సైలెన్సర్, హ్యాండిల్‌కు ఎల్‌ఈడీ లైట్లు, రిమ్ములకు రేడియం స్టిక్కర్లు, ట్యాంకు మీద ఇష్టమైన హీరో పేరు. ఇప్పుడు తల కొంచెం కిందికి దించి వెనక టైర్ చూడండి. చాలా బండ్లకు నడుమ భాగం గుండు కొట్టించినట్టు నున్నగా మెరుస్తుంటుంది. అడిగితే ఒకటే జవాబు: "ఇంకో ఆర్నెల్లు నడుస్తది మామా." నడుస్తది, నిజమే. వానలో ఆగుతదా అన్నదే ప్రశ్న.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా ఇంతే. టైర్ మీద ఉన్న గాడులు డిజైన్ కోసం గీసిన బొమ్మలు కావు. అవి నీళ్లు పోవడానికి తవ్విన కాలువలు. కాలువ పూడిపోతే పొలం మునిగినట్టు, గాడి అరిగిపోతే టైర్ నీళ్ల మీద తేలుతుంది. ఈ సంగతి మెకానికల్ వాళ్లకు పుస్తకంలో తెలుసు, మిగతావాళ్లకు అంచనాగా తెలుసు. తెలిసి కూడా పట్టించుకోకపోవడమే మన సమస్య.

ముందు ఒక అపోహ తీసేద్దాం. గాడులు ఎక్కువుంటే పట్టు ఎక్కువ అనుకుంటారు చాలామంది. పొడి రోడ్డు మీద అది నిజం కాదు. అందుకే ఎఫ్1 రేసు కార్లకు ఎండలో గాడి అన్నదే లేని నున్నటి టైర్లు వేస్తారు. గాడి ఉన్నచోట రబ్బరు లేనట్టే కదా, రబ్బరు ఎంత ఎక్కువ ఆనితే అంత పట్టు. కానీ వాన మొదలుకాగానే అవే కార్లు పరుగున వచ్చి టైర్లు మార్చుకుంటాయి. ఎఫ్1కు టైర్లిచ్చే పిరెల్లి కంపెనీ లెక్క ప్రకారం, వాళ్ల పూర్తి వాన టైర్ ఒక్కోటి గంటకు 300 కి.మీ. వేగంలో సెకనుకు 85 లీటర్ల నీళ్లు పక్కకు తోసేస్తుంది. అరిగిన టైర్ మండు వేసవిలో మనకు ఏ అనుమానమూ రానివ్వకపోవడానికి కారణం ఇదే. మే నెలలో బాగానే ఆగుతుంది. ఆ నమ్మకంతోనే మనం జూన్‌లోకి పోతాం.

మన రోడ్డు మీద లెక్క ఎంతో చూద్దాం. కారు టైర్ వెడల్పు 185 మి.మీ. అనుకోండి. రోడ్డు మీద 3 మి.మీ. నీళ్లు నిలిచాయి. బండి 80 కి.మీ. వేగంలో, అంటే సెకనుకు 22 మీటర్లు పోతోంది. మూడింటినీ గుణిస్తే సెకనుకు సుమారు 12 లీటర్లు. అంటే ఒక్కో టైర్ ప్రతి సెకనుకు ఒక బిందె నీళ్లను దారిలోంచి తప్పించాలి. ఎంత టైములో? టైర్ రోడ్డుకు ఆనే భాగం మన అరచేయంత ఉంటుంది, పొడవు 15 సెం.మీ. అనుకుంటే, ఏ రబ్బరు ముక్క అయినా రోడ్డును తాకి ఉండేది సెకనులో 150వ వంతు మాత్రమే. అంతలోనే నీళ్లు తప్పుకోవాలి, రబ్బరు తారును పట్టుకోవాలి.

ఈ పని ఎట్లా జరుగుతుందో అర్థం కావాలంటే మన కాకతీయ కాలువను గుర్తు తెచ్చుకోండి. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే పెద్ద కాలువ, దాని నుంచి చీలే డిస్ట్రిబ్యూటరీలు, చివరికి పొలంలో పిల్లకాలువలు. టైర్‌లో ఇదే వరుస తిరగబడి ఉంటుంది. రబ్బరు దిమ్మెల మీద సన్నగా కోసిన గాట్లు ముందు పలచటి తడిని పీల్చుకుంటాయి. అడ్డంగా ఉన్న గాడులు ఆ నీళ్లను అంచులకు తోస్తాయి. టైర్ చుట్టూ తిరిగే పెద్ద గాడులు మిగతాదంతా మోసుకుపోతాయి. ఆ సన్నటి గాట్లను ఇంగ్లీషులో సైప్స్ అంటారు. 1923లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న జాన్ సైప్ పేరు మీదనే ఆ మాట వచ్చింది. తడి గచ్చు మీద జారకుండా చెప్పుల అడుగున కత్తితో గాట్లు పెట్టుకోవడం నుంచి ఈ ఆలోచన పుట్టిందని ఒక కథ చెప్తారు. కథ ఎట్లున్నా సూత్రం మనందరికీ అనుభవమే. అరిగిన హవాయి చెప్పులతో తడి షాబాద్ బండ మీద నడిచినోళ్లకు ఎవరూ క్లాస్ పీకనవసరం లేదు.

నీళ్లు తప్పుకునే దారి లేకపోతే ఏమవుతుంది? టైర్ ముందు నీళ్లు ఆపులా కట్టి, ఒత్తిడి పెరిగి, టైర్‌నే పైకి లేపుతాయి. దీన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. విమానాలు తడి రన్‌వేల మీద జారిపోతుంటే నాసా ఇంజినీర్లు దీన్ని వివరంగా పరిశోధించారు. వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ 1963లో ఇచ్చిన రిపోర్టులో ఒక చిన్న సూత్రం ఉంది. టైర్‌లో గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే, టైర్ తేలడం మొదలయ్యే వేగం నాట్లలో వస్తుంది. కి.మీ.లలోకి మారిస్తే, 30 పీఎస్‌ఐ ఉన్న టైర్‌కు గంటకు 91 కి.మీ. అదే టైర్‌లో గాలి 20కి దిగితే 75 కి.మీ. నీళ్ల లోతు గాడి లోతును మించినప్పుడు, లేదా టైర్ నున్నగా అయినప్పుడు ఈ లెక్క పనిచేస్తుంది. ఎన్‌హెచ్-44 మీద ఆదిలాబాద్ వైపు పోయే కార్లు ఏ వేగంలో పోతాయో మీకు తెలియంది కాదు.

బైకుల సంగతి కొంచెం వేరు. బైక్ టైర్ గుండ్రంగా, సన్నగా ఉంటుంది కాబట్టి పడవ ముక్కులాగా నీళ్లను చీల్చుకుంటూ పోతుంది. మనం పోయే మామూలు వేగాల్లో బైక్ పూర్తిగా నీళ్ల మీద తేలడం అరుదు. "అయితే మనకు డోకా లేదు" అనుకోవద్దు. బైకును పడేసేది లోతు నీళ్లకంటే ఎక్కువగా పలచటి తడి పొర. దుమ్ము, ఆయిల్, నీళ్లు కలిసిన జిగట పొర. దాన్ని చీల్చి తారును తాకాలంటే గాడికి అంచు ఉండాలి, రబ్బరుకు మెత్తదనం ఉండాలి. అరిగిన టైర్‌కు మొదటిది ఉండదు, పాతబడి గట్టిపడ్డ టైర్‌కు రెండోదీ ఉండదు. పైగా కారుకు నాలుగు చక్రాలు. ఒకటి జారినా మూడు పట్టుకుంటాయి. మనకు ఆ సౌకర్యం లేదు.

ఆగే దూరం లెక్క కూడా వేసుకుందాం, ఫస్టియర్ ఫిజిక్సే. బండి 60 కి.మీ. వేగంలో ఉంది. ఘర్షణ గుణకం 0.7 ఉంటే బ్రేక్ పట్టిన తర్వాత 20 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు, అరిగిన టైర్ కలిసి అది 0.4కు పడిపోయిందనుకోండి, 35 మీటర్లు కావాలి. తేడా 15 మీటర్లు, ఒక ఆర్టీసీ బస్సు పొడవు కంటే ఎక్కువ. దీన్ని ఇంకోరకంగా చూస్తే భయమేస్తుంది. మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోటికి వచ్చేసరికి రెండో బండి ఇంకా 39 కి.మీ. వేగంలో ఉంటుంది. ఆ చోట లారీ ఉందా, బర్రె ఉందా, బడికి పోయే పిల్ల ఉందా అన్నది మన చేతిలో లేదు.

ఇదంతా ఎక్కడైనా ఒకటే కదా, ప్రత్యేకంగా మనకెందుకు అంటారా? మన రోడ్ల తడి ఒకటే రకం కాదు. తొలకరికి ముందు మూడు నెలలు ఎండి ఉన్న రోడ్డు మీద దుమ్ము, డీజిల్ మరకలు, టైర్ల పొడి పేరుకుని ఉంటాయి. మొదటి వాన వాటిని కడగదు, ముందు తేలుస్తుంది. మిరుగం రోజు చేపల కోసం మార్కెట్‌కు పోయేటప్పుడు పడే ఆ మొదటి అరగంట జల్లే చాలా ప్రమాదం. గోదావరిఖని, మంచిర్యాల వైపు దీనికి బొగ్గు పొడి తోడవుతుంది. ఆదిలాబాద్ పల్లెల్లో నల్లరేగడి చేనులోంచి ట్రాక్టర్ రోడ్డెక్కితే కిలోమీటరు దాకా మట్టి పెళ్లలు పడతాయి. అవి నానితే సబ్బుకు తక్కువేం కాదు. రేగడి మట్టి గాడుల్లో ఇరుక్కుంటే కొత్త టైర్ కూడా కాసేపు గుండు టైరే. కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి మీద గ్రానైట్ లారీలు, ఇసుక లారీలు రోజూ తిరిగే చోట చక్రాల దారుల్లో రోడ్డు కుంగి, వానకు రెండు పొడుగాటి నీళ్ల చాళ్లు ఏర్పడతాయి. బైకు సరిగ్గా ఆ చాలులోనే పోతుంది.

అన్నింటికీ ట్రెడ్ మందు కాదని కూడా ఒప్పుకోవాలి. కోతల టైములో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు టైర్ కింద బేరింగ్ గోళీల్లాగా దొర్లుతాయి. అక్కడ ఏ డిజైనూ పనిచేయదు, వేగం తగ్గించుకోవడమే దారి. జీబ్రా క్రాసింగ్ తెల్ల పెయింటు మీద, ఇనుప గ్రిల్ మీద కూడా అంతే. టైర్ మంచిదైతే వేగంగా పోవచ్చని నేను చెప్పడం లేదు. ఎంత జాగ్రత్తగా పోయినా టైర్ చెడ్డదైతే ఆ జాగ్రత్త సగం వృథా అంటున్నాను.

ఇక చలికాలం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీ ఊళ్లలో జనవరి పొద్దున్నే 10 డిగ్రీల కిందికి పోవడం కొత్త కాదు. మనకు మంచు గడ్డకట్టదు కాబట్టి చలికాలపు టైర్లు అక్కర్లేదు. కానీ చలికి రెండు పనులు జరుగుతాయి. ఒకటి, గాలి తగ్గుతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో 30 పీఎస్‌ఐ కొట్టించిన టైర్‌లో తెల్లారి 10 డిగ్రీలకు 27 మాత్రమే ఉంటుంది. రెండు, రబ్బరు బిగుసుకుంటుంది. మామూలు టైర్ రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద గట్టిపడి పట్టు తగ్గడం మొదలవుతుంది. దానికి పొగమంచు, తారు మీద మంచు తడి కలిస్తే, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ మలుపుల్లో పొద్దున ఆరింటికి బండి నడిపేవాళ్లు మొదటి నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా పోవడమే మంచిది. టైర్ కూడా మనలాగే, కొంచెం వేడెక్కితే గానీ పనిలో పడదు.

నిజమైన చలి టైర్ కథ ఫిన్లాండ్‌లో మొదలైంది. ఇప్పటి నోకియన్ టైర్స్ కంపెనీ 1934లో లారీల కోసం మంచు టైర్ చేసింది, 1936లో కార్లకు హక్కపెలిట్టా అనే రకాన్ని తెచ్చింది. ఇందులో ఒక చిత్రం ఉంది. వాన టైర్ గాడి నీళ్లను వెంటనే బయటికి పంపాలి. మంచు టైర్ గాడి మాత్రం మంచును లోపల పట్టి ఉంచుకోవాలి, ఎందుకంటే రబ్బరు కంటే మంచుకు మంచే బాగా అతుక్కుంటుంది. గడ్డకట్టిన ఐసు మీద సైప్ గాట్లు వందల అంచులతో గీరుతూ పోతాయి. చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరు దీనికి ప్రాణం. ఎంఎస్‌కు మిషిగనో బఫెలోనో పోయే మన సీనియర్లు ఇది చదివితే బాగుండు. అక్కడ సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ సౌండ్ వింటారు, మైలేజ్ చూస్తారు, టైర్ పక్కన ఏ గుర్తు ఉందో చూడరు. ఎం ప్లస్ ఎస్ అని మాత్రమే ఉంటే అది గాడుల ఆకారాన్ని బట్టి కంపెనీ తనే రాసుకునే మాట. మూడు శిఖరాల కొండలో మంచు పువ్వు బొమ్మ ఉంటే ఆ టైర్ మంచు మీద పరీక్ష పాసయినట్టు. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలి టైర్లు లేకుండా కారు నడపడం చట్టప్రకారం నేరం.

మళ్లీ మన ఊరికి వద్దాం. మన చట్టం ఏమంటోంది? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన ప్రకారం గాడి లోతు టూవీలర్లకు, ఆటోలకు 0.8 మి.మీ., మిగతా బండ్లకు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు. హెల్మెట్‌కు చలాన్ పడ్డోళ్లు మనలో కావల్సినంతమంది ఉన్నారు. గాడి లోతుకు చలాన్ పడ్డోళ్లు ఎవరైనా ఉన్నారా? నిబంధన ఉంది, కొలిచేవాడు లేడు.

ఇంకో లోటు పెద్దది. ఏఐఎస్-142 అనే ప్రమాణం కింద టైర్లకు తడి రోడ్డు పట్టు పరీక్షను కేంద్రం తప్పనిసరి చేసింది. 2022 అక్టోబర్ నుంచి కొత్త డిజైన్లకు, 2023 నుంచి అప్పటికే ఉన్న డిజైన్లకు అది వర్తిస్తుంది. మంచి పని. కానీ అది కార్లు, వ్యాన్లు, లారీలు, బస్సుల టైర్లకే. టూవీలర్ టైర్లు అందులో లేవు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. ఎక్కువమంది చచ్చిపోతున్న బండికే తడి పట్టు పరీక్ష లేకపోవడం ఏం న్యాయం? టూవీలర్ టైర్ మీద కూడా ఫ్రిజ్ మీద స్టార్ల లాగా తడి పట్టు రేటింగ్ ఉండాలి. అప్పుడు షాపులో "ఏది ఎక్కువ కిలోమీటర్లు వస్తది?" అన్న ప్రశ్న పక్కన "వానలో ఏది ఆగుతది?" అన్న ప్రశ్న కూడా వినపడుతుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. గట్టి రబ్బరు ఎక్కువ దూరం వస్తుంది, మెత్తటి రబ్బరు బాగా పట్టుకుంటుంది. 1990ల మొదట్లో మిషెలిన్ సిలికా కలిపిన టైర్లు తెచ్చాక ఈ తగువు కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

"ఏబీఎస్ ఉంది కదా" అనేవాళ్లకు ఒక మాట. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది. ఉన్న పట్టును పొదుపుగా వాడుతుంది, లేని పట్టును పుట్టించలేదు. "వెడల్పు టైర్ వేయించిన" అనేవాళ్లకు ఇంకో మాట. వెడల్పు పెరిగితే తోయాల్సిన నీళ్లూ పెరుగుతాయి, బరువు ఎక్కువ చోటికి పరుచుకుని తడి పొరను చీల్చే ఒత్తిడి తగ్గుతుంది. కంపెనీ ఇచ్చిన సైజుకు కారణం ఉంది. బురద కోసం చేసిన పెద్ద బటన్ టైర్లు తారు రోడ్డు మీద స్టైల్‌గా ఉంటాయి కానీ, దిమ్మెల మధ్య ఖాళీలు ఎక్కువై తడి తారును తాకే రబ్బరు తగ్గిపోతుంది. అన్నిటికంటే ఘోరం, అరిగిన బైక్ టైర్ మీద వేడి కత్తితో కొత్త గాడులు కోయించడం. పైకి కొత్తగా కనిపిస్తుంది, లోపల దారాల దాకా మిగిలిన రబ్బరు పొర ఇంకా పలచనవుతుంది. కొన్ని లారీ టైర్లను అందుకు తగ్గట్టే మందంగా చేస్తారు, బైక్ టైర్లను కాదు.

డబ్బుల సంగతి నాకూ తెలుసు. మామూలు బండి వెనక టైర్ రెండు వేల దగ్గర పడుతుంది. హాస్టల్ ఫీజు, బస్ పాస్, సెమిస్టర్ ఫీజు మధ్య అది చిన్న మొత్తం కాదు. నాన్నను అడగాలంటే మొహమాటం. కానీ అదే బండికి సైలెన్సర్ మార్చడానికి డబ్బులు దొరికినప్పుడు ఆ మొహమాటం ఎక్కడికి పోయింది? సౌండ్ కోసం పెట్టిన డబ్బు పక్కోడికి వినపడుతుంది. టైర్ కోసం పెట్టిన డబ్బు ఎవరికీ కనపడదు, అందుకే వెనక్కి పోతుంది.

చూసుకోవడం కష్టం కూడా కాదు. టైర్ పక్కన టీడబ్ల్యూఐ అనో చిన్న త్రిభుజమో ఉంటుంది. దాని సూటిలో గాడి లోపల చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. ట్రెడ్ ఆ గట్టుకు సమానమైతే టైర్ పని అయిపోయింది. వానాకాలానికైతే అంతదాకా ఆగకుండా ముందే మార్చడం మంచిది. తయారైన తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి బాగున్నా టైర్ ముసలిదైతే రబ్బరు చెక్కలాగా అవుతుంది. బాణం గుర్తుంటే చక్రం తిరిగే దిక్కు అదే. పంక్చర్ వేయించినప్పుడు తిరగేసి బిగిస్తే గాడులు నీళ్లను బయటికి కాకుండా నడుమకు లాగుతాయి. "అన్నా, బాణం చూడు" అని ఒక్క మాట అంటే చాలు.

చివరగా మన కాలేజీకి ఒక ప్రతిపాదన. మన ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్లు డజన్లకొద్దీ ఉన్నాయి. దాని వెనక నుంచి బయటికొచ్చే సన్నటి కడ్డీ లోతు కొలవడానికే. దాని లీస్ట్ కౌంట్ ఎంత అని వైవాలో అందరం చెప్పాం, దాంతో పనికొచ్చేది ఒక్కటి కూడా కొలవలేదు. మే చివరి వారంలో ఎన్‌ఎస్‌ఎస్, మెకానికల్ డిపార్ట్‌మెంట్ కలిసి పార్కింగ్ షెడ్డులో రెండు రోజులు కూర్చుంటే ప్రతి బండికీ ఒక అంకె వస్తుంది. స్టూడెంట్లవీ, సార్లవీ, మేడమ్‌లవీ, కాలేజీ బస్సులవీ కూడా. తక్కువున్న బండికి ఎర్ర చాక్‌పీస్‌తో సీటు మీద ఆ అంకె రాసి పెడదాం. జరిమానా వద్దు, లెక్చర్ వద్దు. సాయంత్రం బండి తీయడానికొచ్చినోడు సీటు మీద "0.5" అని చూసుకుని, వంగి టైర్ వైపు ఒకసారి చూస్తే చాలు.